ఎడమ వరుస, మొదటి కుండీ

"జీపు కదలాలంటే నా మీదికెళ్ళి పోనియ్యి సారూ!"

రాములమ్మ పోలీసు జీపు ముందు చక్రాలకు అడ్డంగా పడుకుని ఉంది. జీపు వెనక సీట్లో ఆమె భర్త భీమయ్య. చేతులకు బేడీలు. చుట్టూ వందమంది విద్యార్థులు. ప్రతి చేతిలోనూ ఒక ఫోను, ప్రతి ఫోనులోనూ వీడియో.

వనజ స్కూటీ స్టాండు వేసి టైం చూసింది. రెండూ నలభై.

తార్నాక చౌరస్తాలో మందుల షాపు మీద రెండు గదుల ఆఫీసు వనజది. ప్రైవేట్ డిటెక్టివ్. పొద్దున యూనివర్సిటీలో ఊడ్చి, సాయంత్రం ఆ గదుల్ని ఊడ్చేది రాములమ్మే. గంట కిందట రాములమ్మ ఫోన్ చేసి ఒక్క మాటే చెప్పింది: "అమ్మా, మా ఆయన్ని కూనీకోరు అంటున్నరు."

ఖూనీ ఇంకా కాలేదు. కానీ కావడానికి ఎంతో దూరం లేదు. పొద్దున తొమ్మిదీ పదికి యూనివర్సిటీ నెట్‌హౌస్‌లో, అంటే ప్రయోగాల మొక్కలు పెంచే వలపందిట్లో, భూసార శాస్త్రం ప్రొఫెసర్ పద్మశ్రీ తల పగిలి పడి ఉంది. ఇప్పుడు తార్నాకలోనే ఒక ఆసుపత్రిలో, ఐసీయూలో ఉంది. స్పృహ రాలేదు. వస్తుందని డాక్టర్లు చెప్పడం లేదు.

"వచ్చినారా మేడమ్!" ఇన్‌స్పెక్టర్ నాగేంద్ర నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురొచ్చాడు. "తార్నాకలో పిల్లి తప్పిపోయినా మీరే, మొగుడు తప్పిపోయినా మీరే. ఇంగ నా కేసు కూడా మీకే కావల్సొచ్చిందా?"

"పిల్లి, మొగుడు ఇద్దరూ దొరికిన్రు గద సార్."

"ఈ కేసులోనూ దొరికినాడు. జీపులో ఉండాడు చూడండి." నాగేంద్ర వేళ్ళు మడిచాడు. "నెట్‌హౌస్‌కు తాళం చెవులు మూడు. ఒకటి ప్రొఫెసర్ దగ్గర, ఒకటి ఆమె కింద పీహెచ్‌డీ చేసే పిల్లోడి దగ్గర, ఒకటి మొక్కలకు నీళ్ళు పోసే ఈ భీమయ్య దగ్గర. కొట్టింది కుండీలు మోసే ట్రాలీ పిడితో. పిడి మీద భీమయ్య వేలిముద్రలు. నిన్న సాయంత్రం ప్రొఫెసర్ వీణ్ణి అందరి ముందరా తిట్టింది. పొద్దున ఆరూ నలభై అయిదుకు పెండ్లాన్ని బండెక్కించుకొని గేటు దాటిపోయినాడు. తొమ్మిదిన్నరకు గానీ మళ్ళా రాలేదు. రెండూ కెమెరాలో ఉండాయి. కొట్టి పోయినాడు. అంతే."

"దెబ్బ తగిలిన టైం డాక్టర్లు చెప్పిన్రా?"

"ఆరుకూ ఎనిమిదిన్నరకూ మధ్యలో ఎప్పుడైనా కావచ్చు అన్నారు. నాకు ఆరున్నర చాలు."

"ఎటు పోయిన్రట?"

"లాలాపేట్. ఇంటికి. నల్లా నీళ్ళ కోసమంట." నాగేంద్ర నవ్వాడు. "ఖూనీ చేసినా నీళ్ళు పట్టుకోవాల కదా."

వనజ నవ్వలేదు. లాలాపేట్‌లో ఆ బస్తీకి రోజు విడిచి రోజు ఏడింటికి నల్లా వస్తుంది. ముక్కాలు గంటే ఉంటుంది. ఇద్దరు మోస్తే తప్ప రెండు రోజులకు సరిపడా నీళ్ళు నిండవు. ఆమె జీపు దగ్గరికి నడిచింది.

"భీమన్నా, నిన్న మేడం నిన్నెందుకు తిట్టింది?"

భీమయ్య తల ఎత్తాడు. వనజ వైపు చూడలేదు. చక్రాల దగ్గర పడుకున్న రాములమ్మ వైపు చూసి, మళ్ళీ తల దించుకున్నాడు.

"ఏం లేదమ్మా. పెద్దామె. మందలిచ్చింది."

"దేని గురించి?"

"మతికి లేదు."

నిన్న సాయంత్రం మాట. పైగా నలుగురి ముందు తిన్న తిట్లు. అంత తొందరగా ఎవరూ మరిచిపోరు. వనజ వెనక్కి తిరిగింది.

"సార్, ఈమెను లాగి అవతల పడేస్తే వంద వీడియోలు బయటికి పోతయి. నాకు నెట్‌హౌస్ చూపెట్టుండ్రి. నేనే ఆమెను లేపుత."

నాగేంద్ర విద్యార్థుల వైపు చూశాడు. ఫోన్ల వైపు చూశాడు. పళ్ళు కొరికాడు.

"నాలుగింటికి ఢిల్లీ కమిటీ వస్తాంది ఆ మొక్కలు చూసేదానికి. అప్పటికల్లా ఈడ జీపు ఉండకూడదు. ఇరవై నిమిషాలు."

*

నెట్‌హౌస్ తలుపు ముందు రాతిగచ్చు మీద ముగ్గు. దాన్ని సగం పోలీసు బూట్లు చెరిపేశాయి. తలుపుకు పసుపు టేపు, లక్క సీలు.

"తొమ్మిదిన్నరకు సీలు వేసినా. అప్పటినుంచి చీమ కూడా దూరలేదు" అన్నాడు నాగేంద్ర.

తలుపు దగ్గర ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకడు భరత్. పద్మశ్రీ దగ్గర నాలుగో ఏడాది రీసెర్చ్ స్కాలర్. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. ఆమెను మొదట చూసిందీ, అంబులెన్సు పిలిచిందీ అతనే. రెండోవాడు కుమార్. ఆకుపచ్చ టోపీ మీద ఎరువుల కంపెనీ బొమ్మ.

"మా ప్రొద్దుటూరు పిల్లోడు" అంటూ నాగేంద్ర భరత్ భుజం తట్టాడు. "టైముకు ఫోన్ చేసినాడు కాబట్టి ఆ తల్లి ఇంకా ఊపిరి పీలుస్తాంది. బాగా బెదిరినాడు. గట్టిగా అడగొద్దండి."

"మెత్తగనే అడుగుత" అంది వనజ. ముందు కుమార్ వైపు తిరిగింది. "పొద్దుగాల ఆరున్నర నుంచి తొమ్మిది దాంక ఎక్కడున్నరు?"

"నన్నెందుకు అడుగుతున్నరు మేడమ్? నేను కంపెనీ మనిషిని."

"అందుకే అడుగుతున్న."

కుమార్ జేబులోంచి ఒక చీటీ తీసి ఆమె చేతిలో పెట్టాడు. కాచిగూడ స్టేషన్ పార్కింగ్ చీటీ. లోపలికి ఆరూ యాభై, బయటికి ఎనిమిదీ నలభై. "కమిటీ చైర్మన్ ట్రైన్ గంట లేటు. ఆయన్నే అడగండి, గెస్ట్‌హౌస్‌ల ఉన్నడు. నా దగ్గర ఇక్కడి తాళంచెవి గూడ లేదు."

వనజ చీటీ తిరిగి ఇచ్చేసింది. "భరత్, నువ్వు?"

"ల్యాబ్‌లో ఉన్నాను మేడమ్. పక్క బిల్డింగ్ పై అంతస్తులో." సంచిలోంచి పొడుగాటి రిజిస్టరు తీశాడు. "ఇరవై నాలుగు కుండీల మట్టీ నిన్న సాయంత్రం నేనే తీశాను. పొద్దున ఏడింటి నుంచి ఒక్కొక్క దాని పీహెచ్ కొలిచాను. ప్రతి రీడింగ్‌కీ టైము వేశాను. చివరిది ఎనిమిదీ యాభై. అది కాగానే కిందికి వచ్చాను, మేడమ్... అట్లా..." కళ్ళు తుడుచుకున్నాడు.

వనజ మొదటి గీత చదివింది. ఆ-1. ఏడూ అయిదు. పీహెచ్ 4.9.

"నేను పొలం చేసే ఇంట్ల పుట్టిన. చదువు మాత్రం డిగ్రీనే. నాకర్థమయ్యేటట్టు చెప్పు. ఏంది ఈ ప్రయోగం?"

భరత్ తలుపు జాలీలోంచి లోపలికి చూపించాడు. నడవకు అటూ ఇటూ రెండు వరుసలు, వరుసకు పన్నెండు కుండీలు. అన్నిట్లోనూ మొక్కజొన్న. అన్నిట్లోనూ ఎర్రమట్టే.

"చూడ్డానికి ఒకేలా ఉంటాయి మేడమ్. ఎడమ వరుస ఆమ్ల నేల, ఆ-1 నుంచి ఆ-12 దాకా, ఎర్ర చీటీలు. పీహెచ్ అయిదు. కుడి వరుస మామూలు నేల, నీలం చీటీలు. పీహెచ్ ఏడు. ఆమ్ల నేలలో మనం వేసే భాస్వరం ఎరువు మొక్కకు అందదు. ఆ మట్టిలో ఇనుము, అల్యూమినియం కరిగి ఉంటాయి. భాస్వరాన్ని పట్టుకుని గట్టిపడిపోతాయి. రైతు బస్తాలకు బస్తాలు వేస్తాడు. అంతా నేలలోనే ఉంటుంది, వేరుకు మాత్రం దొరకదు."

"భాస్వరం దొరకకుంటే?"

"మొక్కజొన్న ఆకులు ఊదా రంగుకు తిరుగుతాయి. మొక్క గిడసబారుతుంది. అందుకే వీళ్ళ కంపెనీ ఆమ్ల నేలల కోసం కొత్త గుళిక చేసింది. పైపొర ఆమ్లంలో మాత్రమే కొద్దికొద్దిగా కరుగుతుంది. మామూలు నేలలో కరగదు. చూడండి, ఎడమ వరుస పచ్చగా ఉంది, కుడి వరుస ఊదాగా ఉంది. రిజల్ట్ కళ్ళ ముందే ఉంది."

"కమిటీ చూసి సంతకం పెడ్తే వచ్చే వానాకాలానికి మార్కెట్ల ఉంటది" అన్నాడు కుమార్ టోపీ సర్దుకుంటూ. "భరత్‌కు మా దగ్గర ఉద్యోగం గూడ ఖాయమైంది."

భరత్ అతని వైపు చురుగ్గా చూశాడు. ఒక్క క్షణమే. ఆ క్షణాన్ని వనజ దాచుకుంది.

నాగేంద్ర సీలు తీశాడు. రెండూ యాభై అయిదు.

*

లోపల నెత్తురు మరక నడవ చివర, లోపలి గడియ వేసి ఉన్న వెనక తలుపు దగ్గర ఉంది. ట్రాలీ దాని పక్కనే. వనజ మరక దగ్గరికి వెళ్ళలేదు. తలుపు పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని కుండీల అడుగులు చూసింది.

రోజూ నీళ్ళు పడే కుండీ నేల మీద తేమ వలయం వేస్తుంది. నెలల తరబడి కదలకపోతే వలయం అంచున పాచి కూడా పడుతుంది. ఇక్కడ వలయాలున్నాయి, పాచి ఉంది. కానీ ఏ కుండీ దాని వలయం మీద సరిగ్గా కూర్చుని లేదు. ఒకటి రెండు వేళ్ళు ఇటు, ఒకటి మూడు వేళ్ళు అటు.

ఆమె లేచి రెండు వరుసలూ చూసింది. ఎడమ వరుసలో పన్నెండూ పచ్చటి మొక్కలు. కుడి వరుసలో పదకొండు ఊదా మొక్కలు. పన్నెండోది, తలుపు పక్కనే ఉన్న మొదటి కుండీ, పచ్చగా ఉంది.

"ఇదొక్కటెందుకు ఇట్లున్నది?"

"పన్నెండింట్లో ఒకటి అలా తేడాగా రావడం మామూలే మేడమ్" అన్నాడు భరత్.

వనజ బయటికి నడిచింది. జీపు దగ్గర వంగి రాములమ్మ చెయ్యి పట్టుకుంది.

"లే, రాములక్కా. ఒక్కసారి నెట్‌హౌస్ దాంక రా."

"నేను లేస్తే గాయన్ని తీస్కపోతరు."

"నువ్వు లెవ్వకుంటే గూడ తీస్కపోతరు. లే."

రాములమ్మ తలుపు దాకా వచ్చి ఆగింది. ఎడమ వైపు మొదటి కుండీని చూసింది. కనుబొమలు ముడిచింది. తర్వాత కుడివైపు చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నా మొక్క గాడికెట్ల పోయింది?"

"నీ మొక్క ఏంది?"

రాములమ్మ భయంగా వెనక్కి, జీపు వైపు చూసింది. ఇందాక భీమయ్య చూసిన చూపే అది.

"అక్కా" వనజ గొంతు తగ్గించింది. "నిన్న మేడం తిట్టింది నీ మొక్క గురించేనా?"

రాములమ్మ అక్కడే గచ్చు మీద కూలబడింది.

"నా తప్పేనమ్మా. రోజు పొద్దుగాల గీడ ముగ్గేస్త. ఏసే ముందట నిన్నటి ముగ్గు ఊడుస్త గద. ముగ్గు తొక్కద్దంటది మా అత్త, మనుషులు తిరిగేకాడ పారబొయ్యద్దంటది. అందుకని ఊడ్చినదంత గా ఎడమదిక్కు ఫస్టు కుండీల, మొక్క మొదట్ల పోస్తున్న. నలభై రోజులాయె. ఆ వరుసల అన్ని మొక్కలు రంగు మారినయి గాని గదొక్కటి పచ్చగనే ఉండె. గిటు ఎప్పుడోగాని రాని మేడం నిన్న వచ్చి చూసి, ఇండ్ల ఏమేసినవ్ చెప్పు అని మా ఆయన్ని తిట్టింది. గాయనకెరుకనే, నేనే అని. నా పని పోతదని నోరు తెరవలే. రేపు పొద్దుగాల నేనే వచ్చి మట్టి తీసి చూస్త అన్నది తల్లి..."

"ఆ మాట అన్నప్పుడు భరత్ సార్ ఉన్నడా?"

"లేడు. ఊర్నుంచి ఫోనొచ్చిందని ముందే ఎళ్ళిపోయిండు."

"నీ కుండీ గుర్తు?"

"అంచుకు సురుకు. మా ఆయన బీడీ పెట్టి కాలబెట్టిండు."

కుడి వరుస మొదటి కుండీ అంచున, రూపాయి బిళ్ళంత, ప్లాస్టిక్ కాలి ముడుచుకుని ఉంది.

"ముగ్గుపిండి ఎక్కడిది? బియ్యప్పిండా?"

"బియ్యప్పిండి నాకేడికెళ్ళి వస్తది! రాతి ముగ్గు. లాలాపేట్ల కొంట."

వనజ కానిస్టేబుల్‌ను పిలిచింది. "గేటు కాడ సోడా బండి ఉన్నది. రెండు నిమ్మకాయలు తే అన్నా."

"దాహమా?" అన్నాడు నాగేంద్ర.

"మీకే సార్."

*

మూడూ అయిదు. ఎడమ వరుస మొదటి కుండీ మట్టి మీద వనజ నిమ్మకాయ పిండింది. రసం ఇంకిపోయింది. ఏమీ కాలేదు.

కుడి వరుస మొదటి కుండీ మీద పిండింది. మట్టి బుస్సుమంటూ తెల్లగా నురగ కక్కింది.

"రాతి ముగ్గంటే సున్నపురాయి పొడి. పులుపు తాకితే పొంగుతది" అంది వనజ. "మాది జనగామ దిక్కు. పులుపెక్కిన చెలకకు మా నాయన సున్నం చల్లేది. సున్నం పడితే నేల పులుపు విరిగిపోతది. అప్పుడు నేల పట్టుకున్న భాస్వరాన్ని మొక్కకు వదుల్తది. రాములక్కకు తెల్వకుంటనే ఒక్క కుండీకి ఆ వైద్యం చేసింది. అందుకే ఆమె మొక్క పచ్చగున్నది. దాని పక్కనున్న పదకొండూ ఊదాగున్నయి. అంటే ఈ కుడి వరుసనే అసలు ఆమ్ల నేల. వరుసలు మార్చిన్రు, చీటీలు మార్చిన్రు. కొత్త గుళిక ఆమ్ల నేలల పనిచెయ్యలే. మామూలు నేలల మొక్కలు మట్టిల ముందునుంచున్న భాస్వరంతోనే పచ్చగున్నయి."

కుమార్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. నుదుటి మీద చెమట. "మాకు... మాకు నలభై రోజుల సంది వేరే నంబర్లు పంపిన్రు మేడమ్. మంచిగ పనిచేస్తున్నదని."

"ఎవరు పంపిన్రన్నది తర్వాత."

"మార్చినారు సరే" నాగేంద్ర అడ్డుతగిలాడు. "భీమయ్యే మార్చినాడేమో. నిన్న రాత్రే మార్చినాడేమో!"

"రాములక్కా, పొద్దున ముగ్గు ఎన్నింటికి ఊడ్చినవ్?"

"ఆరున్నరకు. లోపల చీకటి, మొక్కలు సరిగ కనవడలే. చెయ్యి అలవాటుకు ఎడమదిక్కు కుండీల పోసిన."

"రాత్రే మార్చి ఉంటే, పొద్దుటి ముగ్గు ఇప్పుడు ఎడమ దిక్కున్న ఈ కుండీల పడేది. ఇది పొంగలే. పొద్దుటి ముగ్గు గూడ సురుకున్న కుండీలనే ఉన్నది. అంటే ఆరున్నర తర్వాతనే మార్చిన్రు. తొమ్మిదీ పదికి మేడం కనవడ్డది, తొమ్మిదిన్నరకు మీరు సీలేసిన్రు. ఆరూ నలభై అయిదుకు మొగుడు పెండ్లాలిద్దరూ గేటు దాటిన్రు. నడుమ పదిహేను నిమిషాలు. ఇరవై నాలుగు కుండీలు, ఒక్కోటి పదిహేను కిలోలు. మీ ఇద్దరు కానిస్టేబుళ్ళతోని మార్పియ్యుండ్రి సార్, పదిహేను నిమిషాలల్ల అయితదా చూద్దాం."

నాగేంద్ర కుండీల వైపు చూశాడు. ట్రాలీ వైపు చూశాడు.

"కుండీలు మార్చిన ట్రాలీ పిడితోనే మేడంను కొట్టిన్రు" వనజ ఆపలేదు. "మట్టి చూద్దామని వచ్చింది. మారుస్తున్న మనిషి కనవడ్డడు. మట్టి పనికి గ్లౌజులేసుకునేటోడి ముద్రలు పిడి మీద పడలే, రోజు తోసే భీమన్నవే మిగిలినయి. అంతే జరిగింది."

"అంటే తాళంచెవి ఉన్నోడు." నాగేంద్ర మాట నెమ్మదించింది. "కానీ భరత్ ల్యాబులో ఉండాడు. రిజిస్టరులో టైములుండాయి."

"ఉన్నయి. అందుకే ఒక చిన్న పని మిగిలింది." వనజ భరత్ కోటు జేబులోని పెన్నులాంటి పీహెచ్ మీటరు వైపు చూపించింది. "పొద్దున కొలిచింది దీంతోనేనా?"

"అవును."

"మట్టి ఎంత లోతు నుంచి తీసినవ్?"

"నాలుగు వేళ్ళ లోతు."

"అయితే సురుకున్న కుండీల నాలుగు వేళ్ళ లోతు మట్టి మళ్ళ తియ్యి. దాని పక్కదాంట్ల తియ్యి. ఎడమ దిక్కు మొదటిదాంట్ల తియ్యి. నిమ్మరసం పడ్డకాడ వద్దు. మా ముందే కొలువు."

భరత్ పెదాలు తడుపుకున్నాడు. "నీళ్ళలో అరగంట నానాలి మేడమ్. కమిటీ వచ్చేస్తుంది."

"రానీ. వాళ్ళకు గూడ చూపెడదాం."

*

మూడు గ్లాసులు. మూడిట్లో ఎర్రనీళ్ళు. భరత్ గాజు కడ్డీతో ఒక్కొక్కటీ కలుపుతున్నాడు. జీపులోంచి భీమయ్యను దింపారు. బేడీలు తియ్యలేదు. అతను వచ్చి రాములమ్మ పక్కన నిలబడ్డాడు.

"చెప్పినవా?" అన్నాడు మెల్లగా.

"చెప్పిన."

"ఎందుకు చెప్పినవే పిచ్చిదానా."

మూడూ నలభై రెండు. "పెట్టు" అంది వనజ.

భరత్ కదల్లేదు. నాగేంద్రే అతని చేతిలోంచి మీటరు తీసుకుని మొదటి గ్లాసులో ముంచాడు. ఎడమ వరుస మొదటి కుండీ. ఎర్ర చీటీ ఉన్న 'ఆమ్ల నేల'. అంకెలు కదిలి నిలిచాయి.

"ఏడు పాయింట్ సున్నా."

రెండో గ్లాసు. కుడి వరుస రెండో కుండీ. నీలం చీటీ.

"నాలుగు పాయింట్ తొమ్మిది."

మూడో గ్లాసు. అంచు కాలిన కుండీ. నాగేంద్ర ఈసారి చాలాసేపు చూశాడు.

"ఏడు పాయింట్ నాలుగు."

వనజ రిజిస్టరు అతని ముందు తెరిచింది. "నిన్న సాయంత్రం దాంక ఎడమ వరుస మొదటి కుండీ ఇదే సార్. నలభై రోజుల ముగ్గు తిన్న మట్టి. ఒక్క రాత్రిల ఈ నంబరు రాదు, నిన్న గూడ ఏడు మీదనే ఉండాలె. రిజిస్టరుల ఏమున్నది?"

"ఆ-1. ఏడూ అయిదు. నాలుగు పాయింట్ తొమ్మిది."

"కొలిచిన మనిషి ఏడు రాసేటోడు, గాబరా పడేటోడు. కొలవని మనిషి, ఆమ్ల నేల గదా అని, ఎంతుండాల్నో అంత రాసిండు. నలభై రోజుల సంది మొక్కల లెక్కలు గూడ అట్లనే రాసి పంపుతున్నడు. కమిటీ కళ్ళతోని చూస్తమన్నది. అప్పుడు నంబర్లకు తగ్గట్టు మొక్కల్ని మార్చాల్సొచ్చింది. ఏడింటి నుంచి ఎనిమిదీ యాభై దాంక ఆ ల్యాబ్‌ల ఎవ్వరూ లేరు సార్."

"మీటరు తప్పు చూపిస్తోంది సార్" భరత్ మీటరు కోసం చెయ్యి చాచాడు. "క్యాలిబ్రేషన్..."

"ఇదే మీటరుతోనే కదప్పా నువ్వు పొద్దున కొలిచినా అన్యావు" అన్నాడు నాగేంద్ర. అతని ముఖంలో కోపం లేదు. ఇంట్లో మనిషి పట్టుబడితే వచ్చే అవమానం ఉంది.

భరత్ గోడకు ఆనుకున్నాడు. "నాలుగేళ్ళు సార్... ఆ ఉద్యోగం ఒక్కటే... మేడమ్ డిపార్ట్‌మెంటుకే పదింటికి గానీ ఎప్పుడూ రారు. ఇవాళ వస్తారని నాకెవరూ చెప్పలేదు."

బయట కమిటీ కారు ఆగిన చప్పుడు. తలుపులు తెరుచుకున్నాయి. నలుగురు పెద్దమనుషులు, వాళ్ళ వెనక వందమంది విద్యార్థులు, నెట్‌హౌస్ వైపు వస్తున్నారు.

నాగేంద్ర చప్పుడు చెయ్యకుండా భీమయ్య బేడీలు తీశాడు. భరత్ మోచెయ్యి పట్టుకుని వెనక తలుపు వైపు అడుగేశాడు. "ఇట్నే పోదాం. గొడవ లేకుండా."

"ఆగు సారూ."

రాములమ్మ వెనక తలుపుకు అడ్డం నిలబడింది. ఈసారి పడుకోలేదు.

"పొద్దుగాల గేటు కాడ అందరి ముంగట మా ఆయన పేరు చెప్పినవ్. ఫోన్లల్ల తీసిన్రు. లాలాపేట్ల మా గల్లీ అంత చూసిన్రు. గిప్పుడు ముందర తలుపుకెళ్ళే పో. గీయన పేరు గూడ అట్లనే, అందరు ఇనేటట్టు చెప్పు."

నాగేంద్ర వనజ వైపు చూశాడు. వనజ చూపు తిప్పుకోలేదు.

అతను వెనక్కి తిరిగాడు. ముందు తలుపు దాటి, చెరిగిపోయిన ముగ్గు పక్కగా అడుగేసి గచ్చు మీద నిలబడ్డాడు. ఫోన్లన్నీ పైకి లేచాయి. అతను గొంతు సవరించుకున్నాడు.

"భీమయ్య ఏ తప్పూ చెయ్యలేదు. ప్రొఫెసర్ పద్మశ్రీ గారిని కొట్టింది ఆమె శిష్యుడే." ఒక్క క్షణం ఆగాడు. తర్వాత ఆ పేరు గట్టిగా, వెనక వరుసకు కూడా వినబడేలా పలికాడు.

"భరత్."